మద్దెల ఓడే అనిపించే రైఫిల్ కొనడం ఎలా?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కొనబోయేవాళ్లు కొట్టుకి వెళ్లే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. గురి తప్పినప్పుడు నింద ఎవరి మీద వెయ్యాలి? కోచ్‌ని అడిగి లాభం లేదు. నిలబడ్డ తీరు బాగాలేదంటారు, ఊపిరి మరీ ఎక్కువసేపు బిగబట్టావంటారు, ట్రిగ్గర్ గుంజావంటారు. ఎటు తిప్పినా తప్పు మనిషిదే అవుతుంది. ఆ మాట పడడానికి లక్షలు పోసి రైఫిల్ కొనడం దేనికి? ఉచితంగా అనేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. డబ్బిచ్చి తెచ్చుకున్న వస్తువు డబ్బుకి తగ్గ పని చెయ్యాలి. అంటే చెడ్డ షాట్లన్నిటికీ పూచీ తానే తీసుకోవాలి. ఈ సలహాలన్నీ ఆ ఒక్క ప్రయోజనం కోసం కూర్చినవి.

ఈ ఆటలో సాకులకి ఎంత చోటుందో కొలతలు చూస్తే తెలుస్తుంది. పది మీటర్ల అవతల, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున, 8 సెంటీమీటర్ల చదరపు కాగితం. దాని మధ్య నల్లటి గుండ్రం 30.5 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్ల కంటే కొంచెం పెద్దది. ఆ నలుపు నడుమ 'పది' అనే చుక్క సరిగ్గా అర మిల్లీమీటరు. దాని మీదికి పంపే పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద ఒక షాట్‌కి గరిష్ఠం 10.9. అరవయ్యీ అలాగే పడితే 654 వస్తుంది, ఇంతవరకూ ఎవరికీ రాలేదు. పూర్వం పది కొడితే పదే. 2013 నుంచి క్వాలిఫికేషన్‌లోనూ దశాంశాలు లెక్కపెడుతున్నారు కాబట్టి 10.1 కొట్టినవాడు 10.6 కొట్టినవాడి వెనక నిలబడాలి. ఇంత సన్నని తేడాకి కారణం చూపించాలంటే ఏసీ గాలి, ట్యూబులైటు, పక్క లేన్ కుర్రాడి దగ్గు, ఏదైనా సరిపోతుంది. కాకపోతే ఇవన్నీ చిల్లర సాకులు, రోజుకొకటి వెతుక్కోవాలి. రైఫిల్ మీద పెట్టుకుంటే శాశ్వతంగా ఉంటుంది.

కొనే ముచ్చట

మొట్టమొదటి జాగ్రత్త, క్లబ్ రైఫిల్‌తో సాధన చెయ్యకండి. "కొన్నాళ్లు ఇక్కడిదే వాడండి, మీ పిల్ల మెడ ఎంత పొడుగు, చెయ్యి ఎంత పొడుగు, నిలబడితే నడుం ఎటు వంగుతోంది, ఇవన్నీ తేలాక కొందాం" అని కోచ్‌లు అంటారు. వినకండి. అన్నాళ్లు ఆగితే ఉత్సాహం తగ్గి ఆలోచన మొదలవుతుంది. ఆలోచించేవాళ్లకి ఈ సలహాలు పనిచెయ్యవు.

హైదరాబాద్ తల్లిదండ్రులకు ఇక్కడ చక్కని పూర్వోదాహరణ ఉంది. గగన్ నారంగ్‌కి రైఫిల్ కొనడం కోసం వాళ్ల ఇంట్లోవాళ్లు స్థలం అమ్మారని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఆయనకి కాంస్యం వచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య చాలా ఏళ్ల సాధన ఉంది. అది పట్టించుకోనక్కర్లేదు, మనం గ్రహించవలసింది స్థలం సంగతే. పిల్లకి ఆట మీద ఇష్టం ఉందో లేదో తెలియకముందే ప్లాటు అమ్మెయ్యండి. ఇక ఆమె మానేస్తాననడానికి వీలుండదు. అన్నం దగ్గర కూచున్న ప్రతిసారీ ఆ ప్లాటు ఇప్పుడు గజం ఎంత పలుకుతోందో చెబుతూ ఉంటే ఏకాగ్రత దానంతటదే కుదురుతుంది.

ఏ కంపెనీ అన్నదాని మీద పెద్దగా బుర్ర పాడుచేసుకోకండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, అన్షూట్జ్, స్టైయర్, ఏది తెచ్చినా మన పనికి ఒకే చిక్కు వస్తుంది. అన్నీ బాగా కొడతాయి. బెంచీకి బిగించి, తగిన పెల్లెట్ పెట్టి కొడితే అయిదు షాట్లూ ఒకే కన్నంలోకి దూరతాయి. పైగా ఫ్యాక్టరీవాళ్లు అలా కొట్టిన కాగితాన్ని రైఫిల్‌తో పాటు పెట్టెలో పెట్టి పంపుతారు. పెట్టె విప్పగానే ముందు దాన్ని మాయం చెయ్యండి. మన కేసులో ఎదుటి పక్షానికున్న గట్టి సాక్ష్యం అదే. చింపకండి, బీరువాలో బట్టల కింద పెట్టండి. దాని అవసరం ఒక రోజు మనకే వస్తుంది.

కాబట్టి రంగు చూసి కొనండి. ఎరుపు ఫొటోల్లో బాగా పడుతుంది.

సైజు దగ్గర మాత్రం గట్టిగా నిలబడాలి. నిబంధన ప్రకారం రైఫిల్ 5.5 కిలోలు మించకూడదు. మించకూడదన్నారు అంటే అంత దాకా ఉండవచ్చనే కదా! పన్నెండేళ్ల పిల్లకి అయిదు కిలోల రైఫిల్ కొనండి. పెరిగే పిల్ల, స్కూలు చొక్కా కొన్నట్టే రెండేళ్లకి సరిపడా ముందే తీసుకోవాలి. పొట్టి బట్టు, తక్కువ బరువుతో జూనియర్ మోడళ్లు అవే కంపెనీలు చేస్తాయి. కొట్టువాడు చూపించబోతే ఫోను వచ్చినట్టు పక్కకి వెళ్లండి.

"నాన్నా, నడుం పట్టేస్తోంది."

"అలవాటవుతుంది తల్లీ."

ఈ సంభాషణ రోజూ జరుగుతుంటే సెట్టింగ్ సరైన దారిలో ఉందన్నమాట. ఎదిగే వయసులో వెన్ను మీద పడే బరువు గురించి ఫిజియోథెరపిస్టులు ఏవో చెబుతారు గానీ, వాళ్లు ప్లాటు అమ్మలేదు కదా.

కన్ను సంగతీ అంతే. మనుషులకి చేతుల్లో ఒకటి వాటంగా ఉన్నట్టే కళ్లలోనూ ఒకటి పెత్తనం చేస్తుంది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా గోడ గడియారాన్ని అందులోంచి చూసి, ఒక్కో కన్నూ మూస్తే అది ఏ కన్నో తెలిసిపోతుంది. ఏ కన్ను మూసినప్పుడు గడియారం సందులోంచి తప్పుకుందో ఆ కన్నే పెద్ద. ఎడమ కన్ను పెత్తనం చేసే పిల్లకి కుడిచేతి రైఫిల్ కొంటే ఏళ్ల తరబడి సరిపోయే చిక్కు తయారవుతుంది. నిమిషంలో తేలిపోయే పరీక్షలకి మనం దూరంగా ఉండాలి.

రైఫిల్ ఇంటికి రాగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న "దీని పవరెంత?" ఇది కొంచెం ఇరకాటపు ప్రశ్న. మ్యాచ్ రైఫిల్‌లోంచి పెల్లెట్ సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో వెళుతుంది, దాని శక్తి 7.5 జౌళ్ల దగ్గర ఉంటుంది. మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల కాలిబర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. ఇది ఆ హద్దులో సగం కూడా రాదు. కాగితానికి కన్నం పెట్టడానికి అంతకంటే అక్కర్లేదు. తక్కువ శక్తితో, ప్రతిసారీ ఒకే వేగంతో, చేతిలో కుదుపు లేకుండా కొట్టడమే దీని గొప్ప. ఈ జవాబు చెబితే బాబాయిల ముందు పరువు పోతుంది. అందుకని సగం ధరకి దొరికే, రెట్టింపు వేగం ఉన్న స్ప్రింగు గన్ను కొనే మార్గం కూడా ఆలోచించండి. అది పేలినప్పుడు లోపలి పిస్టన్ ముందుకీ వెనక్కీ తన్ని చేతిలో ఎగిరిపడుతుంది. పెల్లెట్ ఎక్కడ పడిందో చూడాలన్న బెంగ కూడా ఉండదు.

బనియన్ మీద బిగింపు

రైఫిల్‌తో పాటు అలెన్ కీలు వస్తాయి. ఈ రంగంలో నిజమైన ఆనందం వాటిలోనే ఉంది.

మ్యాచ్ రైఫిల్‌లో జరగని భాగం దాదాపు ఉండదు. భుజానికి ఆనే బట్ ప్లేట్ పైకీ కిందికీ, పక్కకీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. చెంప ఆనించే చీక్ పీస్ ఎత్తు మారుతుంది. గ్రిప్ తిరుగుతుంది. ఎడమచేతి మీద కూచునే హ్యాండ్ రెస్ట్ ఎక్కుతుంది, దిగుతుంది. ట్రిగ్గర్ బ్లేడు జరుగుతుంది. సైట్ల కింద దిమ్మలు పెట్టి వాటినీ ఎత్తవచ్చు. చాదస్తపు మనుషులు వీటిలో ఒకదాన్నే, కొంచెమే మారుస్తారు. పాత చోటు తెలిసేలా పెన్సిలుతో గీత పెడతారు. నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకుంటారు. ఆ మార్పు మీద కొన్ని రోజులు కొట్టి చూశాక గానీ రెండో స్క్రూ ముట్టుకోరు. మీరు మొదటి సాయంత్రమే అన్నీ వదులు చేసి పడెయ్యండి. అన్నీ ఒకేసారి మారితే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తెలియనంత కాలం రైఫిల్ మీది అనుమానం అలాగే నిలిచి ఉంటుంది.

ఈ పని ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో, బనియనూ లుంగీ మీద చెయ్యడం శ్రేష్ఠం. కొనింది పిల్లకే అయినా కొలతలు మీవి పెట్టండి. అక్కడ రేంజ్‌లో వేసుకునేది దళసరి కాన్వాస్, తోలు కలిపి కుట్టిన జాకెట్. దానికి తోడు అంత బిరుసైన ప్యాంటు, అడుగు చదునుగా ఉండే బూట్లు, ఎడమ చేతికి మందపాటి గ్లౌజు. ఆ జాకెట్ తొడుక్కున్నాక భుజం ముందుకొస్తుంది, చెయ్యి పొట్టిదవుతుంది, గ్లౌజు వల్ల రైఫిల్ ఎత్తు మారుతుంది. బనియన్ మీద పెట్టిన కొలత ఒక్కటీ అక్కడ సరిపోదు. సరిపోకపోతే మళ్లీ అలెన్ కీ తియ్యవచ్చు.

జాకెట్‌కి కూడా నియమాలున్నాయి. గుడ్డ ఒక పొర 2.5 మిల్లీమీటర్లు మించి మందం ఉండకూడదు, ఎంత బిరుసుగా ఉందో యంత్రం పెట్టి చూస్తారు. అందుచేత దీన్ని కూడా పెరిగే పిల్ల లెక్కనే వదులుగా కుట్టించండి. మే నెలలో తెలుగుదేశంలో ఆ జాకెట్ వేసుకుని నిలబడితే లోపల ఆవిరి పట్టినట్టుంటుంది, వదులైతే కాస్త గాలాడుతుంది. వదులు జాకెట్ వెన్నుకి దన్నుగా ఉండదన్నది నిజమే. దన్ను ప్లాటు ఇచ్చింది చాలదా?

సరైన పద్ధతి అని వాళ్లు చెప్పేది కూడా రాస్తున్నాను. ఎదుటివాళ్ల ఎత్తుగడ తెలిసుండాలి కదా. కుడిచేతి వాటం పిల్ల అయితే, మొదట రైఫిల్ లేకుండా, ఎడమ పక్కని టార్గెట్ వైపు పెట్టి, పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి నిలబెడతారు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీదో, పక్కటెముకల అంచున ఆనుకునో కుదరాలి. రైఫిల్ బరువు ముంజేతి ఎముక మీదుగా తుంటికి, తుంటి మీదుగా కాలికి, అక్కణ్నించి నేలకి దిగిపోవాలి. కండతో మోస్తే కండ కాసేపటికి వణుకుతుంది, ఎముకకి ఆ బాధ లేదు. తల నిటారుగా పెట్టి, కన్ను సహజంగా ఎదురుగా ఎక్కడ చూస్తోందో అక్కడికి సైట్‌ని తీసుకొస్తారు. దానికోసం బట్ ప్లేట్ దించుతారు, చీక్ పీస్ లేపుతారు, సైట్ల కింద దిమ్మలు వేస్తారు. తల వాలిపోతే కంటిపాప పైకెక్కి చూడాలి, చెవిలో ఉండే తూకపు యంత్రం కూడా కాస్త తడబడుతుంది. అందుకే అంత రామాయణం. ఆ తర్వాత రైఫిల్ ఎత్తి, గురి పెట్టి, కళ్లు మూసుకోమంటారు. రెండు ఊపిర్లు తీసి వదిలి, కళ్లు తెరవమంటారు. అప్పుడు రైఫిల్ ఎటు చూస్తోందో ఒంటికి అదే ఇష్టమైన దిక్కు. అది టార్గెట్‌కి అరడుగు పక్కన ఉంటే చేతులతో నెట్టరు, పాదాలు జరుపుతారు. చేతులతో నెట్టి నిలబెట్టిన రైఫిల్ ట్రిగ్గర్ నొక్కిన క్షణాన మళ్లీ తన దిక్కుకే పోతుంది కాబట్టి.

మన పద్ధతిలో ఇంత లేదు. రైఫిల్ ఉన్నచోటే ఉంటుంది, పిల్ల సర్దుకుంటుంది. సైట్ కిందికుందా, మెడ వంచు. బట్టు పొడుగైందా, వెనక్కి వాలు. రైఫిల్ పక్కకి చూస్తోందా, బలంగా ఇటు లాగు. ఇరవయ్యో షాట్‌కి మెడ పట్టేస్తుంది, నలభయ్యో షాట్‌కి భుజం దడదడలాడుతుంది. అప్పుడు కోచ్ వచ్చి చీక్ పీస్ లేపుదామంటే మీరు గుమ్మం దగ్గర్నించే "అది ఫ్యాక్టరీ సెట్టింగ్ సార్, ముట్టుకోకండి" అని కేకెయ్యండి.

ట్రిగ్గర్ విషయంలో నిబంధన మనకి బాగా కలిసొచ్చింది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి కనీసం 500 గ్రాముల బరువుండాలి. ఎయిర్ రైఫిల్‌కి అలాంటి అడ్డు లేదు. మంచి సెట్టింగ్‌లో ట్రిగ్గర్ రెండు మెట్లుగా పోతుంది. మొదటి మెట్టు మెత్తగా వెళ్లి ఒక గోడకి తగిలినట్టు ఆగుతుంది. అక్కడ వేలు కాచుకుని ఉంటే, గురి కుదిరినప్పుడు ఇంకొక్క పిసరు ఒత్తిడికి షాట్ వెళుతుంది. మీరు ఆ గోడ తీసేసి, బరువు ఎంత తగ్గుతుందో అంతా తగ్గించండి. వేలు అలా తగలగానే, గురి ఇంకా నల్ల గుండ్రం బయట తచ్చాడుతుండగానే షాట్ వెళ్లిపోతుంది. "నేను నొక్కలేదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పవచ్చు. అబద్ధం కూడా కాదు.

క్లిక్కుల విద్య

వెనక సైట్‌ని డయాప్టర్ అంటారు. అందులో సన్నటి రంధ్రం, దానికి పైనా పక్కనా రెండు మీటలు, తిప్పితే టిక్కుటిక్కుమంటాయి. ముందు గొట్టంలో ఒక రింగు ఉంటుంది. రంధ్రంలోంచి చూస్తే రింగు మధ్యలో నల్ల గుండ్రం కనపడాలి. రింగు కంటికి స్పష్టంగా, టార్గెట్ కాస్త మసకగా ఉండాలంటారు. మీరు అందరికంటే చిన్న రింగు వెయ్యండి. నలుపుకీ రింగుకీ మధ్య తెల్లటి సందు మాయమై, కదలిక అంతా భూకంపంలా కనపడుతుంది. కన్ను "ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు" అంటూ ఊపిరి అయిపోయేదాకా కూచుంటుంది. కొంచెం పెద్ద రింగు వేస్తే తెలుపు నలుదిక్కులా సమంగా కనిపించి మనసు నెమ్మదిస్తుందట. నెమ్మదించిన మనసుకి సాకులు తోచవు.

జీరోయింగ్ అనేది అయిదో పదో షాట్లు కొట్టి, గుంపు ఎక్కడ పడిందో చూసి, ఆ గుంపు నడిమికి తగ్గట్టు క్లిక్కులు తిప్పే పని. గుంపు దాకా ఆగే ఓపిక మీకెందుకు? ప్రతి షాట్ వెంటా తిప్పండి. ఎడమకి పడితే కుడికి రెండు, కుడికి పడితే ఎడమకి మూడు. అప్పుడు మనిషి చేసిన తప్పూ సైట్ చేసిన తప్పూ కలగలిసి, గంటలో ఏది ఏదో విడదీయలేనంతగా ముద్దయిపోతాయి. రైఫిల్‌ని ఒకసారి నిటారుగా, ఒకసారి కొంచెం వాల్చి పట్టుకోవడం కూడా మంచిదే. ఎంత వాల్చినా ప్రతిసారీ ఒకేలా వాలిస్తే పెద్ద నష్టం లేదు కాబట్టి మార్చి మార్చి వాల్చాలి.

సైట్ల మీద నింద వెయ్యడానికి ఒక ఘనమైన ఉదాహరణ 2008 బీజింగ్‌లో ఉంది. ఫైనల్‌కి ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్ కొడితే అది నాలుగో వలయం దాకా పోయిందనీ, తన సైట్ ఎవరో కదిపి ఉండాలనీ అభినవ్ బింద్రా తర్వాత రాసుకున్నారు. ఎవరో కదిపారు! ఇంతకంటే ఏం కావాలి? ఈ కథ ఇక్కడితో ఆపి చెప్పడం నేర్చుకోండి. ఆయన కంగారుపడకుండా ఉన్న కొద్ది సమయంలో క్లిక్కులు సరిచేసుకున్నారనీ, చివరి షాట్ 10.8 కొట్టి దేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారనీ మిగతా సగం చెప్పామా, మన పని గోవిందా.

గాలి, సీసం

ఈ రైఫిళ్లు సిలిండర్‌లోని గాలితో నడుస్తాయి. నింపే పీడనం సాధారణంగా 200 బార్లు. కారు టైరులో 32 పెట్టించుకుంటాం కదా, ఆ లెక్కలో ఇది 2,900. సిలిండర్ పట్టుకుని పంక్చర్ షాపుకి వెళ్లండి. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీ మొహం కూడా చూసి, "ఇది మా దగ్గర కాదు సార్" అంటాడు. ఈ వ్యాసం మొత్తంలో సరైన సలహా అతనిదే.

ఇక్కడ కాసేపు వంకర మాటలు ఆపుతాను. ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో పొడి గాలి తప్ప మరేదీ నింపకూడదు. వెల్డింగ్ షాపులోనో ఆసుపత్రిలోనో దొరికే ఆక్సిజన్ అసలే నింపకూడదు, కొద్దిపాటి నూనె, గ్రీజు తగిలినా పేలిపోతుంది. సిలిండర్ మీద తయారైన తేదీ, గడువు వేసి ఉంటాయి. మామూలుగా పదేళ్లు, ఆ తర్వాత వాడకూడదు. నింపేటప్పుడు నెమ్మదిగా నింపాలి. విశాఖ, కాకినాడల్లాంటి చెమ్మ ఊళ్లలో చేతి పంపుతో కొట్టేవాళ్లు చెమ్మ పీల్చే ఫిల్టర్ సంగతి మర్చిపోకూడదు, లోపల నీరు చేరి తుప్పు పడుతుంది. కొట్టనప్పుడు బ్యారెల్‌లో రంగు తాడు, అంటే సేఫ్టీ ఫ్లాగ్, బయటికి కనపడేలా ఉండాలి. రైఫిల్ మొన ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. లైసెన్సు లేకపోయినా అది ఆయుధమే. హాల్లోంచి బాల్కనీలోకి, పిట్టల మీదికి, కుక్కల మీదికి, "ఖాళీగానే ఉందిలే" అని మనుషుల మీదికి గురి పెట్టడానికి వీల్లేదు. పెల్లెట్లు సీసంతో చేసినవి, నోట్లో పెట్టుకోకూడదు, కొట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిను డబ్బా తెరవకూడదు. ఇందులో ఎగతాళి ఒక్క ముక్క లేదు.

మళ్లీ మన దారికి వద్దాం.

పెల్లెట్లు చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మ్యాచ్ పెల్లెట్ మూతి చదునుగా ఉంటుంది, కాగితానికి గుండ్రటి కన్నం శుభ్రంగా పడాలని. బరువు అర గ్రాము పైచిలుకు. తల వ్యాసం 4.48 నుంచి 4.52 దాకా మిల్లీమీటరులో నూరో వంతు తేడాలతో అమ్ముతారు. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో ముందే చెప్పలేం. అందుకని రైఫిల్‌ని బెంచీకి బిగించి, ఒక్కో రకంతో గుంపులు కొట్టి, అన్నిటికంటే బిగువైన గుంపు దేనితో వస్తే ఆ డబ్బా మీది బ్యాచ్ నంబరు చూసుకుని, ఏడాదికి సరిపడా అదే తెచ్చుకుంటారు. మీరు మాత్రం దొరికింది కొనండి. రెండు మూడు రకాలు ఒకే డబ్బాలో కలిపి పొయ్యండి. ప్యాంటు జేబులో తాళాలతో పాటు వేసుకుంటే వాటి వెనక అంచులు చక్కగా నొక్కుకుపోతాయి. ఈ ఒక్క జాగ్రత్తతో, మిగతావన్నీ సరిగ్గా చేసినా కూడా అడపాదడపా ఒక ఎనిమిది పడుతుంది. ఎందుకు పడిందో ఎవరికీ అంతుపట్టదు.

ఇంటి దగ్గర సాధన గురించి రెండు ముక్కలు. పెల్లెట్ లేకుండా, గోడ మీద చిన్న చుక్క అంటించుకుని, రైఫిల్ ఎత్తి, గురి నిలిపి, డ్రై ఫైరింగ్ మీటతో ట్రిగ్గర్ నొక్కి, నొక్కాక కూడా ఒక క్షణం అలాగే చూస్తూ ఉండడం పెద్ద పెద్ద షూటర్లు రోజూ చేసే పని. పెల్లెట్ పది మీటర్లు వెళ్లడానికి సెకనులో పదిహేడో వంతు పడుతుంది, అందుకే ఆ చూస్తూ ఉండడం. దీనికి ఖర్చు లేదు, కన్నం పడదు, స్కోరు రాదు, స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. కనక దండగ.

పోటీ ముందు రోజు, తర్వాతి రోజు

పోటీ ముందు రోజు రాత్రి కొత్త గ్రిప్ వెయ్యండి. వీలుంటే బట్ ప్లేట్ కూడా. పొద్దున్న ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో జాకెట్, బూట్లు కొలుస్తుండగా పిల్లని పట్టుకుని "ట్రిగ్గర్ కొంచెం తగ్గించాను, చూసుకో" అని చెవిలో చెప్పండి. ప్రిపరేషన్, సైటింగ్‌కి కలిపి ఇచ్చే 15 నిమిషాలూ ఆ పిల్ల ట్రిగ్గర్ గురించే ఆలోచిస్తుంది. మీరు వెనక ప్రేక్షకుల కుర్చీల్లో కూచుని, 9.3 పడినప్పుడల్లా నాలిక చప్పరించండి. ఆ చప్పుడు జాకెట్‌లోంచి కూడా వినపడుతుంది.

ఫలితాలు వచ్చాక ఎక్కడా తగ్గకండి. కోచ్ "పాప బాగానే నిలబడుతోందండీ, ఆ రైఫిల్ ఒకసారి నాకిస్తే తనకి సరిపడా సెట్ చేస్తాను, రెండు గంటల పని" అనవచ్చు. ఇది అత్యంత ప్రమాదకరమైన ఘట్టం. ఆ రెండు గంటలు ఇచ్చారంటే ఇన్నాళ్ల కృషీ వృథా. "దీని బ్యారెల్‌లోనే ఏదో ఉంది సార్, కొత్త మోడల్ చూస్తున్నాం" అనండి.

కొత్త మోడల్ రావాలంటే పాతది పోవాలి కాబట్టి, ఏడాది పాటు చెప్పిన మాట ఒక్క రాత్రిలో తిప్పి చెప్పే నేర్పు అవసరమవుతుంది. బీరువాలోంచి ఫ్యాక్టరీ కాగితం తియ్యండి, బట్టల కింద ఉండి కాస్త నలిగి ఉంటుంది, పరవాలేదు. షూటర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ప్రకటన నమూనా ఇస్తున్నాను, పేరు మార్చుకుని వాడుకోండి:

"అమ్మబడును. మ్యాచ్ ఎయిర్ రైఫిల్, కుడిచేతిది, ఎరుపు. ఏడాది వాడకం, చాలా తక్కువ షాట్లు. సిలిండర్‌కి ఇంకా ఎనిమిదేళ్ల గడువు. ఫ్యాక్టరీ టెస్ట్ కాగితం ఉంది, అయిదు షాట్లూ ఒకే కన్నం, జూమ్ చేసి చూడండి. బ్యారెల్ అద్భుతం. స్క్రూలు కొన్ని అరిగాయి. అమ్మాయి బాడ్మింటన్‌లో చేరడం వల్ల అమ్ముతున్నాం. జాకెట్ కొత్తదే, ఇంకా రెండేళ్ల దాకా ఎవరికైనా వదులే. ధర ఫిక్స్‌డ్. కోచ్‌లు ఫోన్ చెయ్యనక్కర్లేదు."